పచ్చ లేబులు రికార్డు

ఆదివారం వచ్చిందంటే ఆ వదినామరదళ్ళకు ఇంట్లో కాలు నిలవదు. చెరో గుడ్డసంచీ తగిలించుకుని పాత సామాన్ల దుకాణాల మీద పడతారు. ఇద్దరికీ గ్రామఫోన్ రికార్డుల పిచ్చి. పాటల కోసం కాదు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఎవరికీ తెలియని రికార్డు ఒకటి దొరకాలి, దాని పుట్టుపూర్వోత్తరాలు తాము తవ్వి తీయాలి. అదీ వాళ్ళ సరదా.

వదిన ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఒకసారి విన్న గొంతు జన్మలో మరిచిపోదు. మరదలిది కళ్ళజోళ్ళ షాపు. కంటికి భూతద్దం బిగించిందంటే దుమ్ము కణాన్ని కూడా వదలదు.

ఆ ఆదివారం విరిగిన ఫొటో ఫ్రేముల అడుగున ఒక బరువైన నల్ల రికార్డు దొరికింది. వదిన మధ్య చిల్లులో వేలు దూర్చి, అంచు మీద గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఖంగుమంది.

"పగుల్లేదే అమ్మాయ్!"

పచ్చ లేబులు మీద అక్షరాలన్నీ వెలిసిపోయాయి. లేబులు పక్కన నల్లటి భాగంలో సూదితో గీసినట్టు చిన్న అంకె ఒకటి మాత్రం కనిపిస్తోంది. మరదలు భూతద్దంలోంచి అటూ ఇటూ తిప్పి చూసింది.

"కంపెనీ పేరు లేదు, మనుషుల పేర్లూ లేవు. వదినా, ఇది మన కోసమే పుట్టింది!"

ఇంటికొచ్చీ రాగానే మరదలు స్నానానికి వెళ్ళింది. వదిన ఆగగలదా? గ్రామఫోన్‌కు కీ ఇచ్చి రికార్డు పెట్టేసింది. పియానో టింగుమంది. ఒక మగగొంతు తడబడుతూ అడిగింది: "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" ఆడగొంతు హాయిగా అంది: "చేసుకుంటాను. ఎప్పుడు అడుగుతారా అనే చూస్తున్నాను." మళ్ళీ పియానో. అయిపోయింది.

వదిన నోటుపుస్తకం తీసి రాసుకుంది: 'చిన్న నాటకం. అమ్మాయి ఒప్పుకుంది.'

మరదలు తల తుడుచుకుంటూ వచ్చి ఆ వాక్యం చదివింది. తనూ ఒకసారి పెట్టుకుని విన్నది. విని, 'ఒప్పుకుంది' అన్నమాట మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టింది.

"అదేమిటే!" వదిన గొంతు పెరిగింది.

"ఆవిడ ఒప్పుకోలేదుగా వదినా. 'చేసుకోను, వెళ్ళేటప్పుడు తలుపేసి వెళ్ళండి' అంది. మీరు సరిగ్గా వినలేదేమో."

ముప్ఫై ఏళ్ళు జనం గుసగుసల్ని కూడా పట్టిన చెవులను అంతమాట అంటే ఊరుకుంటుందా! "నా చెవులకేం రోగం? నీ తల తడిసి చెవుల్లో నీళ్ళు పోయాయి!"

తీర్పు చెప్పమని తమ్ముణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. ఇటు అక్క, అటు పెళ్ళాం. ఏం చెప్పినా గండమేనని అతనికి తెలుసు. రికార్డు మోగింది. "చేసుకోను" అంది ఆవిడ. తమ్ముడు నేల చూపులు చూశాడు.

"అక్కా... వద్దనే అంటోంది."

"నాకూ వినబడింది!" వదిన ముఖం పాలిపోయింది. "మరి ఇందాక... ఉండు, ఈసారి నేను పెడతాను."

ఈసారి రికార్డులో ఆవిడ సంతోషంగా ఒప్పేసుకుంది.

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు తమ్ముడు కిసుక్కుమన్నాడు. "పాపం, మనసు మార్చుకుంది కాబోలు!"

మరదలు మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు గోడ గడియారం మీదున్నాయి. "వదినా, ఇంత రికార్డు ఎంతసేపు మోగాలి?"

"మూడు నిమిషాలు."

"ఇది ఒక్క నిమిషంలో అయిపోయింది. ముల్లు కూడా లోపలికి పరుగెత్తుతోంది, గమనించారా?"

రికార్డు తీసి కిటికీ వెలుగులో బల్ల మీద పెట్టింది. భూతద్దం బిగించి అంచు వెంబడి అంగుళం అంగుళం చూసుకుంటూ పోయింది. మిగతా ఇద్దరూ ఆమె భుజాల మీదుగా వంగారు.

"ఇక్కడొక గాడి మొదలవుతోంది," అంది. కొంచెం తిప్పి, "ఇదిగో, ఇక్కడ ఇంకోటి!" అని అరిచింది. ఇంకొంచెం తిప్పి కుర్చీలోంచి లేచి గంతేసింది. "మూడు! వదినా, మూడు గాడులు! ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుంటూ పోయాయి. ముల్లు ఎందులో పడితే ఆ జవాబు!"

వదిన మరదల్ని పట్టుకుని గిర్రున తిప్పేసింది. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరి చెవులూ బంగారమే!

మరి మూడో జవాబేమిటి? ఎన్నిసార్లు పెట్టినా ఒప్పుకోవడమో, తలుపేయమనడమో తప్ప మూడోది పడదే! చివరికి మరదలే ఉపాయం చెప్పింది. తిరగని రికార్డు మీద మూడో గాడి మొదట్లో భూతద్దంతో చూసి ముల్లు ఆనించింది. వదిన మెల్లగా బ్రేకు వదిలింది.

పియానో. మగగొంతు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"నేను... నేను చేసు..." అంటూనే ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. "నవ్వకు! రికార్డు తిరుగుతోంది!" అన్నాడతను, అని తనూ నవ్వేశాడు. ఆమె నవ్వు ఆగలేదు. పైకి పోయి, కీచుమని, ఊపిరందక, మళ్ళీ లేచింది. దూరంగా ఇంకెవరో, "సరే, దీన్నే ఉంచేద్దాం" అన్నారు.

తమ్ముడు నేల మీద కూలబడి నవ్వుతున్నాడు. మరదలు భూతద్దం ఊడిపోయేలా నవ్వుతోంది. వదిన మాత్రం బొమ్మలా నిలబడిపోయింది.

"ఆ కీచు... మాటల్లో పోల్చుకోలేకపోయాను గానీ, అది మా సూపర్‌వైజరు మేడమ్ గొంతే!"

ఎక్స్ఛేంజీలో ఆవిణ్ణి అందరూ 'తాళంకప్ప' అనేవారు. వదిన ఆవిడ కింద చేసిన పన్నెండేళ్ళలో ఒక్కసారీ నవ్వగా ఎవరూ చూడలేదు. జలుబు చేసినప్పుడు మాత్రం ఆ గొంతు సరిగ్గా అలాగే కీచుమనేది. ఇప్పుడు తొంభై దాటి, పక్క ఊళ్ళో మనవరాలి దగ్గర ఉంటోంది.

వదిన ఫోన్ చేసింది. "మేడమ్, మీకొకటి వినిపించాలి," అని ఫోన్ గ్రామఫోన్ బాకా ముందు పెట్టింది. నవ్వు మొదలై, సాగి, ఆగింది. వదిన ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"చంపేస్తుందే అమ్మాయ్," వదిన గొణిగింది.

అప్పుడు ఫోన్లోంచి ఖంగుమని వినిపించింది: "ఆ మూడోది తీసేయమని వాళ్ళకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

వెంటనే అదే నవ్వు. కాస్త ముసలిదై, బొంగురుపోయింది గానీ, చివరి కీచు మాత్రం అలాగే ఉంది.

నవ్వీ నవ్వీ మేడమ్ అన్నీ చెప్పింది. బొమ్మల షాపు ఒకటి కొత్తగా తెరిచినప్పుడు 'ఈసారి ఏ జవాబొస్తుందో చెప్పండి' అంటూ జనాన్ని ఆకట్టుకోవడానికి చేయించిన రికార్డట అది. ఆవిడకప్పుడు ఇరవై, అదే షాపులో బిల్లులు రాసేది. మగగొంతు షాపు యజమాని తమ్ముడిది. వదిన చేతికి పెన్ను ఆగడం లేదు, నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి.

"అతను నిజంగా కూడా అడిగాడా మేడమ్?" మరదలు వెనకనించి అరిచింది.

"ఎవరా పిల్ల? రికార్డు తీసుకుని ఇక్కడికి రండి, చెప్తాను!"

మర్నాడు మరదలు కళ్ళజోళ్ళ షాపు తెరవలేదు. వదినామరదళ్ళు రికార్డును దుప్పట్లో చుట్టి, గ్రామఫోన్ తమ్ముడి నెత్తిన పెట్టి, మొదటి బస్సెక్కారు.