రెండోసారి విన్న మనిషి

భార్యకు చెవుడని పెద్దాయన వంటింటి బల్ల మీద తయారుచేసిన వినికిడి మెషీనే ఆ కంపెనీకి పునాది. ఇప్పుడది మూడంతస్తులైంది. భార్య పోయింది, పగ్గాలు కూతురి చేతికొచ్చాయి. ఒక్క కట్టుబాటు మాత్రం మారలేదు. పెద్దాయన చెవిలో పెట్టుకుని సరేననందే ఏ మెషీనూ గడప దాటదు.

రిపేర్లు చూసే ఆవిడ వారం రోజులు సెలవు పెట్టింది. ఆ వారం పంపిన వాటిలో నలభై మెషీన్లు గుయ్‌మంటున్నాయని తిరిగొచ్చాయి.

"ఇవన్నీ నువ్వు విన్నవే నాన్నా," అంది కూతురు.

"నేను విన్నప్పుడు ఏ చప్పుడూ లేదే."

సెలవు నుంచి వచ్చిన ఆవిడ తల వంచుకుని నిజం చెప్పింది. ఆయన సరేనన్న ప్రతి మెషీన్నీ రెండేళ్ళుగా ఆమె మళ్ళీ విని, చెడినవి బాగుచేసి పంపుతోంది. ఆ పనివల్ల అయ్యే ఆలస్యానికే ఆయన ఆమెను రోజూ తిట్టేవాడు.

"ఒక్క మాట నా చెవిన వెయ్యలేకపోయావా?"

"నాలుగుసార్లు వేశానండి," అంది ఆవిడ గొంతు పెంచి. "మీరు తలూపి వెళ్ళిపోయారు."

కూతురికి నవ్వాగలేదు. ఆయన మాత్రం తన కుర్చీలోంచి లేచాడు. మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేని పని.

"తిట్లు తింటూనే నా పరువు కాపాడావమ్మా. నీ మేలు మరిచిపోను. ఇక నుంచి ఇక్కడ కూర్చుని వినేది నువ్వే," అని తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. "ముందు నా చెవి కొలత తీసుకో."

"మాట్లాడకుండా కూర్చోండి. దవడ కదిలితే కొలత తప్పుతుంది."

ఆయన నోరు మూసుకుని, బుద్ధిగా చెవి ఆమె వైపు తిప్పాడు.