పొట్టి టీచరమ్మ కొన్న పొడుగు కారు

పాత ఇనుము కొట్టు ఆసామి కారు తలుపు లాగి పట్టుకుని, "ఊరికే చూడండి టీచరమ్మా, కొనమని నేనేం అనట్లేదు" అన్నాడు. కొనమనకపోయినా కొనేసే మనిషెవరో అమ్మేవాడికి ముందే తెలిసిపోతుంది. టీచరమ్మ లోపలికి ఎక్కి కూర్చుంది. కూర్చోగానే రెండు పాదాలూ నిండుగా కింద ఆనాయి. ఎడమకాలు క్లచ్ మీదికీ, కుడికాలు బ్రేకు మీదికీ వాటంతట అవే వెళ్ళాయి. మెడ సాచకుండానే ముందు అద్దంలోంచి బానెట్ చివర తుప్పు దాకా కనిపించింది. ఆవిడ ఒళ్ళు ఝల్లుమంది.

ఆ వీధుల్లో స్టీరింగు పట్టిన వాళ్ళలో సగం మందికి ఆవిడే డ్రైవింగు నేర్పింది. బ్యాంకు మేనేజర్లకు, డాక్టర్లకు, పెళ్ళాం మాట కూడా వినని మొండిఘటాలకు, అందరికీ ఆవిడ "ఊఁ, కానీ" అంటే బండి కదలాలి, "ఆపు" అంటే ఆగాలి. మనిషి మాత్రం పొట్టి. ఎంత పొట్టి అంటే, వద్దులెండి, ఆవిడ వింటే నా పని అయిపోతుంది. నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, అది అందడానికి ఆవిడ ఎప్పుడూ సీటు అంచున కూర్చునేది. శిష్యులేమో "ఎంత జాగ్రత్తో చూడండి, ఒక్క క్షణం కూడా వెనక్కి వాలదు" అని చెప్పుకునేవారు. తను నడిపేటప్పుడు కింద రెండు దిండ్లు, వెనక ఒక దిండు. నడుం నొప్పి అనేది. ఏ నొప్పీ లేదు, ఆవిడ నడుము ఇనుపకమ్మీ.

అసలు సంగతి ఎవరికీ చెప్పేది కాదు. పై అరలో డబ్బా కావాలంటే కుర్చీ ఈడ్చుకుని ఎక్కేది తప్ప, కాస్త తీసిపెట్టమని అడిగేది కాదు. "అందట్లేదు" అన్న మాట ఒక్కటి మాత్రం ప్రాణం పోయినా నోట రానిచ్చేది కాదు.

ఇక ఈ కారు సంగతి. ఎప్పుడో, ఎవరో, అప్పటికే పాతదైన బండిని తెచ్చుకుని తమకు నచ్చినట్టు కోసి అతికించుకున్నారు. పైకప్పు కోసి కిందికి దించారు. నాలుగు తలుపుల్లో రెండింటిని మూసేసి రేకు కొట్టారు. వెనక రెండు రెక్కలు తగిలించారు. డ్రైవరు కాళ్ళ కింద నేలను అరుగులా లేపి, పెడళ్ళకు ముక్కలు అతికి, స్టీరింగు కడ్డీని కిందికి వంచారు. చేసినవాళ్ళెవరో గానీ, పొట్టి కాళ్ళ మనిషి కోసమే చేశారు. వాళ్ళు చల్లగా ఉండాలి అనుకుంది టీచరమ్మ.

"తీసుకుంటున్నాను."

"ఇంజను చూడరా?"

"దాన్ని మా తమ్ముడు చూసుకుంటాడులే."

తమ్ముడు మెకానిక్కు. అక్క దగ్గర ఆగిపోయిన ఎత్తంతా వాడికే వెళ్ళిందని చుట్టాలు వేళాకోళం చేసేవారు, అందరూ నిచ్చెన అని పిలిచేవారు. చెయ్యి మంచిది, బుర్ర మంచిది. ఒక్క పిచ్చి మాత్రం ఉంది. ఏ పాత బండి షెడ్డులోకి వచ్చినా దాన్ని కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా చేస్తే గానీ వాడికి అన్నం సహించదు. ఒక బోల్టు వేరే రకం కనిపించినా మొహం ముడుచుకుంటాడు.

తాడు కట్టి లాక్కొచ్చిన కారు చుట్టూ ఒకసారి తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "అక్కా, దీన్ని ఏం చూసి కొన్నావు?"

ఇదీ ఆవిడ చెప్పాల్సిన సమయం. చెప్పిందా? లేదు. "వెనకాల రెక్కలు బావున్నాయిరా" అంది.

పని మొదలైంది. నిచ్చెన ఇంజను విప్పి, కడిగి, అరిగినవి తీసి కొత్తవి వేశాడు. వాడి భార్య అదే షెడ్డులో ఒక పక్కన సీట్లు కుడుతుంది. ఆవిడ ఎర్ర రెక్సిన్ పరిచి సుద్దముక్కతో గీతలు గీసుకుంది. టీచరమ్మ క్లాసులయ్యాక వచ్చి, చీర కొంగు బిగించి, గరుకు కాగితంతో రంగు గీకేది. బూడిదరంగు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నేరేడుపండు రంగు బయటపడింది. "ఇదే, ఇదే వెయ్యాలి" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కనిపించిన ప్రతి శిష్యుడికీ చెప్పింది, "నా కారు వస్తోంది, చూస్తూ ఉండండి" అని. సొంత కారు లేదా అంటే ఇదివరకే ఉంది. కానీ దాన్ని ఎప్పుడూ నా కారు అనలేదు.

పని చివరికొచ్చాక నిచ్చెన ముసిముసిగా నవ్వుతూ, "రంగు ఆరేదాకా ఇటు రాకక్కా. నీకొకటి చూపించాలి" అన్నాడు.

రమ్మన్నరోజు వెళ్ళింది. నేరేడు రంగు నిగనిగలాడుతోంది, రెక్కలు అద్దాల్లా ఉన్నాయి. ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. తలుపు తీసి, ఎర్రసీటులో కూర్చుని, పాదాలు చాపింది.

పాదాలు గాల్లో ఊగాయి.

ఇంకాస్త చాపింది. బొటనవేలు కూడా దేనికీ తగల్లేదు. స్టీరింగు చక్రం గడ్డం ముందుకొచ్చింది, దాని వెనక రోడ్డు లేదు, ఆకాశం ఉంది.

"చూశావా!" నిచ్చెన తలుపు పట్టుకుని వంగాడు, మొహం వెలిగిపోతోంది. "ఎవడో మతిలేనివాడు కింద అరుగు కట్టి, పెడళ్ళకి ముక్కలతికి నానా కంగాళీ చేసిపెట్టాడక్కా. నీకు నచ్చాయన్నావని రెక్కలూ, పైకప్పూ, బయటివేవీ ముట్టుకోలేదు. లోపలంతా కోసేసి అసలు కొలతలకి తెచ్చేశాను. ఇంచు తేడా ఉంటే అడుగు!"

"ఆ ముక్కలేవిరా?"

"ఇనుము కొట్టాయన పట్టుకెళ్ళాడు. ఈపాటికి కరిగిపోయుంటాయి. ఎందుకు?"

మరదలు టీచరమ్మ మొహం చూసింది, వేలాడుతున్న కాళ్ళు చూసింది. మంచి మనసున్న పిల్ల. దగ్గరికొచ్చి మెల్లగా, "వదినా, నడుం నొప్పి కదా మీకు. ఇదే రెక్సిన్‌తో దిండు కుట్టివ్వనా?" అంది.

"వద్దు! దిండు పేరెత్తావంటే ఊరుకోను!"

షెడ్డు దద్దరిల్లింది. మొగుడూ పెళ్ళాం బిక్కచచ్చిపోయారు. ఆవిడ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. ఏడుపు తన్నుకొచ్చింది.

"అందవురా నాకు" అంది. "కాళ్ళు అందవు. ఏ కారులోనూ అందవు. నడుం నొప్పీ లేదు, పాడూ లేదు. ఈ ఒక్కదాంట్లో అందాయి. అందుకే కొన్నాను. రెక్కలూ లేవు, నా బొందా లేదు."

నిచ్చెన నిలువునా నీరుగారిపోయాడు. కిందనే చతికిలబడ్డాడు. "చెప్పొచ్చుగా అక్కా!"

"నువ్వు అడగొచ్చుగా!"

"అడిగాను! రెక్కలన్నావు!"

నిజమే మరి. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు మరదలికి నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. చూసి టీచరమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది. నిచ్చెన మాత్రం నవ్వలేదు, తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూశాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, గొంతు సవరించుకుంది. శిష్యులు వణికే గొంతు తిరిగి వచ్చేసింది. "సరే. ఏడుపైపోయింది. అట్టలు తీసుకురా. కత్తెర తే. ఈసారి నా కొలతలకి చెయ్యి. ఆ పాత అరుగు కాస్త ఎత్తెక్కువే, కూర్చున్న కాసేపట్లోనే ఎడమ మోకాలు పట్టేసింది. ఏదో ఒకటి అందింది కదా అని సర్దుకున్నాను."

రేకు కొయ్యడానికి ముందు అట్ట కోసి సరిచూడడం వాడి పద్ధతి. అక్క కాళ్ళ కింద అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. ఆవిడ చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని చెబుతూ పోయింది.

"అందట్లేదు, ఇంకోటి పెట్టు. ఊహూఁ, అందట్లేదు. మడమ దగ్గర వాలు తగ్గించు. బ్రేకు అందట్లేదు, ముందుకు లాగు. ఇంకా అందట్లేదురా, సరిగ్గా విను!"

ఒకసారి నోట పడ్డాక ఆ మాటకు అడ్డే లేకుండా పోయింది. ఎంత దర్జాగా అందో చెప్పలేను. మరదలు స్టీరింగు ఎక్కడికి రావాలో సుద్దతో గీత గీసింది. తరవాత నిచ్చెన ఆ అట్టల ప్రకారం రేకులు కోశాడు, అతికాడు, నున్నగా అరగదీశాడు. ఆవిడ పూటపూటకీ వచ్చి కాలు పెట్టి చూసి, వంక పెట్టి, మళ్ళీ చేయించింది. చివరికి, "ఊఁ, ఇదీ" అంది.

తయారైన బండిని ముందు తనే ఒక చుట్టు తిప్పి చూసి ఇవ్వడం నిచ్చెనకు అలవాటు. తాళం తీసుకుని తల వంచి లోపలికి దూరబోయాడు. ఒక మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. రెండోది చెవి దాకా వచ్చింది. మెడ వంచితే గడ్డం గుండెకు తగిలింది, కళ్ళకు డాష్‌బోర్డు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అటు కదిలాడు, ఇటు కదిలాడు. వాడు పుట్టాక ఒక బండిలో వాడు పట్టకపోవడం ఇదే మొదలు.

బయట నిలబడ్డ ఆడవాళ్ళిద్దరూ నవ్వుతారనుకున్నాడు. వాళ్ళు నవ్వలేదు. వాడు ముడుచుకునే తల ఇటు తిప్పాడు.

"అక్కా, ఇలాగే ఉండేదా నీకు? రోజూ?"

"రోజూ" అంది టీచరమ్మ.

వాడు దిగి, తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఎక్కి కూర్చుని, బండి తీసి వీధిలోకి తిప్పింది.