గోంగూర పచ్చడి చెప్పినంతసేపు

అరగంట ఆవిరి అని బోర్డు రాసిపెట్టి, పదకొండు నిమిషాలకే బయటికి లాగేస్తే ఎవరికైనా ఒళ్లు మండదూ? నాకు మండింది. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, నా దగ్గరా కాకిలెక్కలు!

మోకాళ్ల నొప్పులకు మంచిదని, డాక్టరును అడిగే, ప్రతి మంగళవారం పాతబస్తీ మొఘల్‌పురాలో ఆవిరి స్నానాలకు పేరుపడ్డ ఆ హమామ్‌కు వెళ్లేదాన్ని. పొద్దున ఆడవాళ్లకు, మధ్యాహ్నం నుంచి మగవాళ్లకు. ఆడవాళ్లను చూసుకునేది నుజహత్. వెళ్లగానే రెండు ప్రశ్నలు అడిగేది. "అన్నం తిని ఎంతసేపైందమ్మా? నీళ్లు తాగిండ్రా?" ఆవిరి గది తలుపు మూశాక, బయట పీటేసుకుని, తలుపుకున్న జాలీలోంచి మూడోది.

"అమ్మా, పుంటికూర తొక్కు ఎట్ల చేస్తరు?"

"పుంటికూర కాదు, గోంగూర. తొక్కు కాదు, పచ్చడి" అని దిద్ది మొదలుపెట్టేదాన్ని. మధ్యలో గుంటూరు, మా పెద్దమ్మ రోలు, తోడికోడలి పిసినారితనం అన్నీ వచ్చేవి. నాలుగు వారాలు అదే ప్రశ్న. పాపం, మతిమరుపు మనిషి అనుకున్నాను. అయినా సంతోషంగానే చెప్పాను. ఇంట్లో మా ఆయన సుందరరామయ్య గారు నేను నోరు తెరవగానే చెవి మిషన్ తీసి జేబులో వేసుకుంటారు మరి.

కానీ పచ్చడి దారి పచ్చడిదే, న్యాయం దారి న్యాయానిదే. నుజహత్ పదకొండు నిమిషాలకే తలుపు తీసేస్తోందని యజమాని మొయిన్‌కు ఫిర్యాదు చేశాను. తల్లి పోయాక రెండేళ్లుగా హమామ్ నడుపుతున్న కుర్రాడు. మరుసటి మంగళవారానికల్లా ఆవిరి గది బయట ఎర్రంకెల గడియారం వేలాడదీశాడు.

"ఖాలా, అది మోగేదాకా తలుపు ముట్టొద్దు. ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందంటే నువ్వు ఇంట్లనే ఉండు" అన్నాడు నుజహత్‌తో, నా ముందే. పిన్నీ అని పిలుస్తూనే ఆ మాట!

నుజహత్ ముఖం చిన్నబోయింది. ఇరవై రెండేళ్లుగా ఆ పీట మీదే కూర్చున్న మనిషి. నాకు కలుక్కుమంది, అయినా బింకంగా లోపలికి వెళ్లాను.

ఆ రోజూ అదే ప్రశ్న. చెప్పడం మొదలుపెట్టాను. పది నిమిషాలు హాయిగానే ఉంది. పదిహేను దాటేసరికి గుండె దడదడలాడింది. లేచి వచ్చేయొచ్చు. కానీ అరగంట కావాలని గొడవ చేసింది నేనేగా! పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. "ఆకు నూనెలో మగ్గాక... మగ్గాక..." తర్వాతేమిటో గుర్తు రాలేదు. నలభై ఏళ్లుగా చేస్తున్న పచ్చడి!

కళ్లు తెరిచేసరికి బయట బల్ల మీద ఉన్నాను. నుదుటి మీద తడిగుడ్డ. జాలీ పక్కన ఎర్రంకెలు ఇంకా పదమూడు నిమిషాలు చూపిస్తున్నాయి.

"మాట ఆగిందమ్మా. అందుకే తలుపు తీసిన" అంది నుజహత్, ఉప్పేసిన మజ్జిగ అందిస్తూ. "ఒక్కొక్కరికి ఒక్కో టైముంటది. ఒకరికి ఎనిమిది నిమిషాలు, ఒకరికి పన్నెండు. గడియారానికేం తెలుస్తది? దమ్మున్నంతసేపు మాటొస్తది. మాట తడబడిందంటే తలుపు తీయాలె."

అంటే నా పచ్చడి కోసం కాదన్నమాట! ప్రాణం కాపాడిన మనిషి మీద కూడా ఒక్క క్షణం కోపం వచ్చింది.

అంతలో మా మాటలు విన్నట్టున్నాడు, పరదా అవతల నుంచి మొయిన్ కేక. "మళ్ల తీసినవా ఖాలా? ఇగ రేపటి నుంచి రావద్దు!"

బట్టలు మార్చుకుని ముందు గదిలోకి వెళ్లాను. "చూడు బాబూ, ఫిర్యాదు చేసింది నేను. తప్పు నాది. ఆవిడ తలుపు తియ్యకపోతే ఈపాటికి నీ వాకిట్లో అంబులెన్స్ ఉండేది."

"మీకు ఏజ్ అయింది మేడం. యంగ్‌స్టర్స్‌కు అరగంటంటే ఏమాత్రం?"

"నువ్వు యంగ్‌స్టరువే కదా? పద, కూర్చో. ఎక్కాలు అప్పజెప్పు. ఆపకుండా అరగంట చెబితే గడియారం ఉంచు. ఆపితే నుజహత్‌ను ఉంచు."

మధ్యాహ్నం ఆడవాళ్లంతా వెళ్లాక, లుంగీ కట్టుకుని నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు. తలుపు మూసి నేనూ నుజహత్ బయట కూర్చున్నాం. రెండో ఎక్కం గుర్రంలా పరిగెత్తింది. పదమూడో ఎక్కానికి నడకయింది. "సెవెంటీన్ సెవెన్ జా... వన్ నైంటీన్. సెవెంటీన్ ఎయిట్ జా... వన్... వన్..."

నిశ్శబ్దం. నుజహత్ అప్పటికే తలుపు తీసేసింది. పన్నెండు నిమిషాలు!

"నూట ముప్పై ఆరు" అన్నాను. అబ్బ, ఎంత తృప్తి!

నుజహత్ మొయిన్‌ను బల్ల మీద కూర్చోబెట్టింది. మజ్జిగ తాగాక మెల్లగా అన్నాడు. "చిన్నప్పుడు అమ్మీ లోపలికి పంపి స్కూల్ పాఠాలు చెప్పమనేది. నాకు చదువు రావాలనే గట్ల చేస్తదనుకున్న." లేచి, కుర్చీ ఎక్కి, తన చేత్తోనే గడియారం ఊడబీకాడు. "మాఫ్ చెయ్యి ఖాలా."

నేను చప్పట్లు కొట్టాను. నుజహత్ ముసుగు చాటున కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మరుసటి మంగళవారం ఆమె నా చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది. మూత తీస్తే వెల్లుల్లి ఘుమఘుమ. వేలితో తీసి నాలుక మీద రాసుకున్నాను. అచ్చం మా పెద్దమ్మ చేతి రుచి.

"మగ్గినంక ఎల్లిగడ్డ దంచి ఎయ్యాలె. గదే మీరు మర్సిపోయింది" అంది నుజహత్. "ఎట్లుందమ్మా పుంటికూర తొక్కు?"

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. ఈసారి దిద్దలేదు.