నాలుగు వైపులా ఆపకూడని రోజు

బెర్నార్డ్ కులేషా కూడలి నడుమ నిలబడి, ఈలని పెదవికి తగలనివ్వకుండా పళ్ళ మధ్య పట్టుకుని ఊదుతున్నాడు. పొద్దున్నించీ అదే జాగ్రత్త. పెదవి వాచిందంటే మధ్యాహ్నం బూర పలకదు. బూరకి బిగించి ఊదే మూతి అతని కోటు జేబులో ఉంది. చలికి ఇత్తడి చల్లబడిపోకుండా, చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా గుప్పిట్లో పెట్టి వెచ్చబెడుతున్నాడు. బూర మాత్రం నల్ల పెట్టెలో, మూల మీద పేపర్లమ్ముకునే మో బల్ల మీద ఉంది. గాలికి పేపర్లు లేవకుండా మో దాన్నే బరువుగా పెట్టుకున్నాడు.

బెర్నార్డ్‌ది పోలీసు బ్యాండు. పరేడ్లలోనూ, పోయిన పోలీసుల సమాధుల దగ్గరా ఊదడమే అతని ఉద్యోగం. పొట్టి మనిషి, ముందుకు వంగిన భుజాలు, మెడ దగ్గర వదులైన యూనిఫారం. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కణ్ణీ అరెస్టు చేసిన పాపాన పోలేదు. అయితే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి శుక్రవారం ఫిలడెల్ఫియాలో పోలీసన్నవాడికి సెలవు లేదు, బ్యాండువాళ్ళతో సహా. పండగ తిండి తిన్న ఊరంతా దుకాణాల మీద పడుతుంది. శనివారం సైన్యానికీ నౌకాదళానికీ జరిగే ఫుట్‌బాల్ పోటీకొచ్చిన పొరుగూరి జనం దానికి తోడు. పన్నెండు గంటల డ్యూటీ. కాళ్ళు పడిపోయి, గొంతు పోయి, పోలీసులు ఆ రోజుని బ్లాక్ ఫ్రైడే అని తిట్టుకునేవారు. నల్ల శుక్రవారం. ముందు ఎవడన్నాడో ఎవరికీ తెలీదు. అడిగితే ప్రతివాడూ నేనే అంటాడు. ఇదంతా అరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడైతే దుకాణాలవాళ్ళు ఆ తిట్టునే బంగారు అక్షరాలతో రాసి గుమ్మాలకి కట్టుకుంటున్నారు. సిగ్గులేకపోతే సరి.

హ్యూ టియర్నీ కూడా నేనే అనేవాడు. ఈ కూడలి నడుమ ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషి. కిందటేడు రిటైరయ్యాడు, మొన్న మంగళవారం గుండె ఆగి పోయాడు. ఏటా ఈ రోజున భయపడుతూ వచ్చే బెర్నార్డ్‌కి చేతులెలా తిప్పాలో నేర్పింది అతనే. "ఒరేయ్ బూరోడా, ఏం చేసినా చెయ్యి గానీ నాలుగు వైపులా ఒక్కసారి ఆపకు. ఖాళీ రోడ్డు కనపడిందా, జనం దిగిపోతారు. ఇంక దేవుడు కూడా కదపలేడు" అనేవాడు. మరోసారి బీరు తాగుతూ, "నేను పోతే నువ్వే ఊదాలిరోయ్" అన్నాడు. బెర్నార్డ్ సరేనన్నాడు. ఎవరికైనా అతనిచ్చిన మాటంటూ ఉంటే అదొక్కటే.

రేపు పోటీ, ఎల్లుండి ఆదివారం. పూడ్చడానికి టియర్నీ భార్య నోరాకి ఇవాళ తప్ప వేరే రోజు దొరకలేదు. బ్యాండేమో రోడ్ల మీద ఉంది. బెర్నార్డ్ సార్జెంట్ దగ్గరికెళ్ళి టోపీ చేతిలో పట్టుకుని ఒక్క గంట అడిగాడు.

"ఇవాళ మా అమ్మ పోయినా నేను వెళ్ళను. నువ్వెంత?" అన్నాడు సార్జెంట్.

"పోనీ టియర్నీ కూడలైనా నాకు వెయ్యండి సార్."

అది వేశాడు. చనిపోయిన ట్రాఫిక్ పోలీసు శవాన్ని అతను నిలబడ్డ కూడలి మీదుగా తీసుకెళ్ళడం వీళ్ళ ఆనవాయితీ. అక్కడున్నవాడు బళ్ళు ఆపి సెల్యూట్ చేస్తాడు. బెర్నార్డ్ బూర కూడా ఊదుతానని నోరాకి కబురు చేశాడు.

మధ్యాహ్నం మో బల్ల పక్కన నిలబడి గుడ్డు పెట్టిన రొట్టె తిన్నాడు. ఇంట్లో నిన్నటి టర్కీ మాంసం సగం మిగిలే ఉంది, కానీ శుక్రవారం మాంసం ముట్టని కేథలిక్ కుటుంబం. ఎదుటి దుకాణం మేనేజరొకడు, కోటుకి పువ్వు గుచ్చుకున్నవాడు, నవ్వుతూ వచ్చాడు.

"ఆఫీసర్ గారూ, మీవాళ్ళు ఈ రోజుకి ఏదో చెడ్డ పేరు పెట్టారట. కస్టమర్లు వింటే బావుండదు. పెద్ద శుక్రవారం అంటే పోలా?"

"నా బదులు సాయంత్రం దాకా ఇక్కడ నిలబడండి సార్. తర్వాత మీరే పెట్టండి పేరు."

మేనేజరు నవ్వు ఆపకుండానే వెనక్కి తిరిగాడు. మో పొట్ట పట్టుకుని నవ్వాడు.

రెండు దాటాక శవవాహనం కనిపించింది. పట్టపగలు దీపాలు వెలిగించుకుని, ట్రామ్ వెనక అంగుళం అంగుళం జరుగుతోంది. దుకాణం మైకులో క్రిస్మస్ పాటలు, అన్ని వైపులా హారన్లు. ఈ గోలలో బూర ఎవడికి వినపడుతుంది? నోరాకి వినపడాలి. ఒక్క నిమిషం నిశ్శబ్దం చాలు. వాహనం కూడలి నడుమకి రాగానే రెండు చేతులూ చాపి నాలుగు వైపులా ఆపేశాడు. పరిగెత్తి పెట్టె తెరిచాడు. జేబులోంచి మూతి తీశాడు.

ఈలోపే జనం దిగిపోయారు. నాలుగు మూలల నించీ సంచులతో, పెట్టెలతో, పిల్లల్ని ఈడ్చుకుంటూ. శవవాహనం చుట్టూ మనుషులే. ఒకావిడ తన పొట్లాలు దాని బానెట్ మీద పెట్టి చేతులు మార్చుకుంది. అద్దంలో నోరా మొహం పాలిపోయి ఉంది. డ్రైవరు దిక్కుతోచక హారన్ కొట్టాడు.

బెర్నార్డ్ బూర పెట్టెలో పడేసి, మూతి మళ్ళీ జేబులో తోసి జనంలోకి దూకాడు. ఈలని పెదవుల మధ్య బిగించి, ఊపిరున్నంతా ఊదాడు. తోశాడు, అరిచాడు, మళ్ళీ ఊదాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. దారి చీలింది. వాహనం అతని పక్కనించే జరిగిపోయింది. నోరా అద్దం దించి, "ఎప్పుడు ఊదుతావు బెర్నీ?" అంది. అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, వెళ్ళండి వెళ్ళండని. సెల్యూట్ చెయ్యడానికి కూడా ఖాళీ చెయ్యి లేదు. టియర్నీ అలా వెళ్ళిపోయాడు, ఈల మోతలో.

డ్యూటీ దిగేసరికి చీకటి పడింది. బెర్నార్డ్ బల్ల వైపు చూడకుండా ట్రామ్ ఎక్కేశాడు. మో వెనకనించి పిలిచాడు, రెండుసార్లు. పేపర్లన్నీ అమ్ముడైపోయాయి. ఖాళీ బల్ల మీద, మూత కూడా సరిగ్గా పడని నల్ల పెట్టెలో, మూతి లేని బూర ఉంది.