పురుషోత్తం సార్ పాస్‌వర్డ్

పురుషోత్తం సార్ పోయి పన్నెండు దినాలైంది. శాలిబండల రక్తదాతల సంఘం ఆఫీసుల కంప్యూటర్ నడిపేటోడు ఆయనొక్కడే. గల్లీ గల్లీ తిరిగి సంపాదించిన రెండు వేల మంది పేర్లు, రక్తం గ్రూపులు, అడ్రసులు అందులనే ఉన్నయి. పాత కార్డులకు చెదలు పడితే ఆయనే కూసొని ఒక్కొక్కటి ఎక్కించిండు. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పలే. ఒకనాడు పురానాపూల్ కాడ, బస్సులనే గుండె ఆగిపాయె.

సంఘంల, నెత్తురియ్య రమ్మని దాతలకు చిట్టీలు రాసే కళావతికి అప్పటిసంది ఆ కంప్యూటర్ గదిలకు పోబుద్ధి కాలే. ఇయ్యాల పోక తప్పలే. ముష్తాక్ అనే మనిషి పొద్దుగాలనే వచ్చి దర్వాజ పట్టుకొని నిలబడ్డడు.

"మా చెల్లె ఇక్బాలున్నీసాకు కాన్పు కష్టమైందమ్మా. నెత్తురు మస్తు పోయింది. ఓ నెగిటివ్ కావాలంటున్నరు. దవాఖానల లేదట."

కళావతి కంప్యూటర్లు బాగుచేసే ఖయ్యూంకు ఫోన్ చేసింది. ఆయన ఫ్లాపీల డబ్బ చంకల పెట్టుకొని వచ్చేసరికి కరెంటు పోయింది. పదకొండింటి నుంచి పన్నెండు దాక శాలిబండ మొత్తం కరెంటు లేదు. ముగ్గురూ ఆ నల్లటి తెర ముంగట చెమట తుడుచుకుంట కూసున్నరు. ఎవరూ లేచి పోలే.

కరెంటు రాంగనే ఖయ్యూం ఫ్లాపీ పెట్టిండు.

"మిషన్‌ను దాని డిస్కు నుంచి కాకుండ నా ఫ్లాపీ నుంచి లేపుతున్న అక్కా. లేచినంక డిస్కు తెరిచి పాస్‌వర్డ్ ఉన్న జాగ తుడిచేస్త. పేర్లకు ఏం గాదు."

అరగంట పట్టింది. ఫ్లాపీ తీసి మిషన్ మళ్ల నడిపిచ్చి, పురుషోత్తం పేరు కొట్టిండు. పాస్‌వర్డ్ అడగకుండనే తెరుచుకుంది. తెర మీద పచ్చటి అక్షరాలు పడ్డయి. ఈ పేరు మీద ఆఖరుసారి లోపలికి వచ్చింది ఇయ్యాల, పదకొండు నలభైకి.

"గడియారం తప్పుతుండొచ్చు," అన్నడు ఖయ్యూం. టైం ఎంతని మిషన్‌ను అడిగి, తన చేతి గడియారం చూసుకున్నడు. రెండూ ఒక్కటే ఉన్నయి.

"అప్పుడు కరెంటు లేదు గద భాయ్," అన్నది కళావతి మెల్లగ. "మనం ఈడనే ఉంటిమి."

ఖయ్యూం ఓ నెగిటివ్ వాళ్లను చూపియ్యమని కొట్టిండు. తొమ్మిది పేర్లు వచ్చినయి. అందరికన్న మీద శివయ్య ఉన్నడు. గ్రూపు యాదిలేదు గని, ఆయనకు కళావతి ఎన్నోసార్లు చిట్టీ రాసింది. ఆయన ఇల్లు పురానాపూల్ కాడ. తెర మీద మాత్రం బేగంబజార్, గిన్నెల దుకాణాల గల్లీ, మీది అంతస్తు అని ఉంది. అడ్రసు మార్చిన తారీకు ఇయ్యాలటిది.

కళావతికి కుర్చీ వెనుక ఎవరో నిలబడి చదువుతున్నట్టు అనిపించింది. తిరిగి చూడలే.

"ఏ అడ్రసైతే ఏందమ్మా, పోదాం పా," అన్నడు ముష్తాక్.

ఆటో పట్టుకొని పోయిండ్రు. మూటలు మోసే హమాలీల నడుమ నుంచి తొవ్వ చేసుకొని మెట్లెక్కితే, శివయ్య అన్నం తింటున్నడు. సంగతి వినంగనే చెయ్యి కడుక్కొని లేచిండు.

దవాఖానకు పోతుంటే కళావతి శివయ్యను అడిగింది. "ఈ ఇంటికి ఎప్పుడొచ్చిండ్రు?"

"మొన్న ఆదివారం. రేషన్ కార్డు గూడ ఇంక మార్చలే. మీకెట్ల తెలిసింది?"

"రాసి ఉండె," అన్నది. ఇంకేం చెప్పాల్నో ఆమెకు తెల్వలే.

సాయంత్రం అయిదింటికి ముష్తాక్ వార్డుల నుంచి బయటికొచ్చిండు. చెల్లె కండ్లు తెరిచి మంచినీళ్లడిగిందట. ఆడపిల్ల పుట్టిందట. చెప్తనే ఆయన గోడకు ఒరిగి ఏడ్చిండు.

తెల్లారి ఖయ్యూం మళ్ల వచ్చిండు. "సార్ పేరు తీసేసి నీ పేరు పెడుదునా అక్కా?"

"నాది వేరే పెట్టు. ఆయనది ఉండనియ్."

"దానికి పాస్‌వర్డ్ లేదు. కొత్తదేమన్న పెట్టాలె."

కళావతి తెర మీది దుమ్ము కొంగుతోని తుడిచింది.

"పెడితే ఆయనకెట్ల చెప్తం భాయ్?"

ఖయ్యూం ఆ పాస్‌వర్డ్ జాగ ఖాళీగనే ఇడిసిపెట్టిండు.