నిచ్చెన కింద మాట

"నీ నోరు ఆ రోజే పడిపోవాలా అత్తా? 'ఉన్నాన్రా' అని ఒక్క ముక్క అనుంటే నీ కొడుకు బతికుండేవాడు."

"ఉన్నాను కదే! రెండు చేతులా పట్టుకునే ఉన్నాను."

"పట్టుకుంటే సరా? పైనున్న మనిషికి వీపున కళ్ళుంటాయా?"

గోడలకి రంగులేసేవాళ్ళకి ఒక పద్ధతుంది. కింద నిచ్చెన పట్టుకున్న మనిషి తలెత్తకూడదు, కంట్లో రంగు పడుతుంది. నోరు మాత్రం ఆపకూడదు. ఏదో ఒకటి వాగుతూనే ఉండాలి. మాట ఆగిందా, చేతులు వదిలేసినట్టే లెక్క. ఆ పొద్దున కొడుకు ఏదో విసుక్కున్నాడని అత్త మూతి ముడుచుకుంది. నిచ్చెన పట్టుకుంది గానీ పలకలేదు. కింద ఎవరూ లేరనుకుని అతను కంగారుగా దిగబోయాడు, కాలు తప్పింది. అంతే, పోయాడు.

ఏడాదిగా అత్తాకోడళ్ళు రోజూ మొహం కడుక్కున్నట్టే ఈ గొడవా పడుతున్నారు.

ఇవాళ గోదాము గోడ. కింది భాగం కోడలు ఎప్పుడో ముగించింది. పై అంచు మిగిలింది. పై పనంతా మొగుడే చేసేవాడు, తను ఎన్నడూ ఎక్కలేదు. వాళ్ళ నిచ్చెనతో ఒక చిక్కుంది. భయపడేవాళ్ళ కాళ్ళ కింద అది పెరుగుతుంది, దానితోపాటే గోడా పెరుగుతుంది. ఆ సంగతి పని ఇచ్చిన మేస్త్రీకీ తెలుసు.

"నిచ్చెన పెరిగింది, రేపు చేస్తామంటే కుదరదమ్మా," అన్నాడు. "సాయంత్రానికి అవ్వాలి. లేదంటే వేరేవాళ్ళని పెట్టుకుంటా. ఎక్కలేని మనిషిని ఇంకెవరు పిలుస్తారు?"

ఆ పని పోతే ఇద్దరికీ వేరే దారి లేదు. కోడలు డబ్బా నడుముకి కట్టుకుని ఎక్కింది.

"మెల్లిగా. ఆ, అలా," అని అత్త మొదలెట్టింది. "ఇల్లు ఊడ్చావా పొద్దున? మూలల్లో దుమ్ము అలాగే ఉంది. మీ అమ్మ నీకు చీపురు పట్టుకోవడం కూడా నేర్పలేదు."

ఎంత ఎక్కినా గోడ అంచు తలకి జానెడు పైనే ఉంది. నేల మాత్రం దిగిపోతోంది. పావురాలు తన పాదాల కింద ఎగురుతున్నాయి.

"ఇంకా గట్టిగా తిట్టత్తా! వినిపించట్లేదు!"

అత్త పెళ్ళినాటి గొడవలు కూడా బయటికి తీసింది. మాట సన్నబడింది. ఆగిపోయింది.

కోడలు భయంతో నిచ్చెనని కరుచుకుంది. నిచ్చెన ఇంకో మనిషెత్తు లేచింది. దిగిపోదామని కాలు తీయబోయి ఆగింది. ఆయనా ఇలాగే తీసుంటాడు.

గాలి ఈడ్చి కొడుతోంది. కాలి కింద మెట్టు మాత్రం కదలట్లేదు. పట్టుకునేవాళ్ళు లేకపోతే ఈ గాలికి ఎప్పుడో ఊగిపోయేది కాదూ?

"అత్తా," అని కిందకి అరిచింది. "గొంతు ఎండిపోయుంటుంది నీకు. ఊరుకో. నేను మాట్లాడతా. ఆ దుమ్ము నిజమే, నేనే ఊడ్వలేదు. నీ గురకకి నాకు నిద్రుంటేగా పొద్దున్నే లేవడానికి!"

అలా నోటికొచ్చిందల్లా అంటూ ఎక్కుతుంటే మెట్లు తగ్గుతూ వచ్చాయి. అంచు గడ్డం దగ్గరికొచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా రంగు వేసేసింది.

దిగేసరికి అత్త నిచ్చెనకి నుదురు ఆనించి ఉంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావట్లేదు. అరచేతులు కందిపోయాయి.

"నీళ్ళు తాగు. రాత్రికి మళ్ళీ పోట్లాడాలి," అంది కోడలు.

మేస్త్రీ వచ్చి గోడ చూసి, ఒక్క మనిషి కూలి తీశాడు.

"మరి అత్తకి?"

"కింద నిలబడ్డదానికి కూలేంటమ్మా? ఎక్కడా లేదు."

"సరే, మీరొక్కసారి ఎక్కండి మేస్త్రీ గారూ. అత్త ఊరికే పట్టుకుంటుంది. ఇప్పుడామెకి మాట రావట్లేదు, అంతే."

మేస్త్రీ నవ్వి ఒక మెట్టెక్కాడు. కాళ్ళ కింద నిచ్చెన సర్రున పెరిగి, నేల ఎక్కడికో దిగిపోయింది. నవ్వు పోయింది. దిగి, చొక్కా సర్దుకుని, జేబులో మళ్ళీ చెయ్యి పెట్టాడు.

కోడలికి ఆరు వందల యాభై. అత్త చేతిలో విడిగా ఇంకో ఆరు వందల యాభై.