తట్టినవాడు బయటికొచ్చేదాకా

శాసనసభ సభ్యుడి దగ్గరికి ఎవరు పోతారని సంఘం పెద్ద అడిగేసరికి, లిఫ్టు మెకానిక్కులంతా తమ చెప్పులకేదో అయినట్టు కిందికి చూశారు. చెయ్యెత్తింది పిట్ట ఒక్కతే. సన్నటి మనిషి, ఏ సందులోనైనా దూరిపోతుందని బాబాయి పెట్టిన పేరది. పని నేర్పిందీ ఆయనే. కిందటేడు ఆయన ఒంటరిగా లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగి పని చేస్తుంటే, పైన ఎవరో చూసుకోకుండా లిఫ్టు నడిపారు. బాబాయి బతికి బయటికి రాలేదు.

పిట్ట అడగబోయేది ఒకటే. లోపల ఒకరు పని చేస్తున్నంతసేపూ బయట మరొకరు నిలబడి తీరాలని రాబోయే కొత్త చట్టంలో ఒక మాటుంది. దాన్ని ఉంచాలి. కొట్టేయమని ఇవాళ సభలో లేచి అడగబోయేది ఈ సభ్యుడే.

ఆయన గది పై అంతస్తులో, షాఫ్టు గోడకు ఆనుకుని ఉంది. మనిషి చెడ్డవాడేం కాదు. కాగితాలు సర్దుకుంటూనే విన్నాడు.

“ఊరికే నిలబడ్డానికో మనిషా తల్లీ? జీతం మీ మేనమామ ఇస్తాడా?”

“నిలబడ్డమే పని సార్. లోపలివాడు ఉన్నానని మూడుసార్లు గోడ తడతాడు. నేనూ ఉన్నానని బయటివాడు తిరిగి తడతాడు. తట్టామంటే ఇక అంతే. వాడు బయటికొచ్చేదాకా లిఫ్టు కదలనివ్వం.”

“సరే, సభకి టైమైంది. మిగతాది లిఫ్టులో చెబుదువుగాని, పద.”

అప్పుడే గోడలోంచి వినబడింది. టక్, టక్. కాస్త ఆగి, టక్.

పిట్ట చెయ్యి దానంతటదే లేచింది. ఆలోచించేలోపే తిరిగి తట్టేసింది. తట్టాక గుర్తొచ్చింది. పనిలో వేలు నలిగినప్పటినుంచీ మూడో దెబ్బ అలా వెనకబడేది బాబాయికే.

బయటికి పరిగెత్తింది. అప్పటికే లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. మళ్లీ మూసుకోకుండా గడప మీద అడ్డంగా నిలబడింది.

“ఎక్కకండి సార్. లోపల మనిషున్నాడు.”

“ఇవాళ ఇక్కడ పనేం లేదే! ఎవడు వాడు?”

పేరు చెబితే పిచ్చిదంటాడు. “ఎవరో తట్టారు. నేను తిరిగి తట్టేశాను.”

“బాగుంది వరస! బతిమాలుకోడానికొచ్చి నా దారికే అడ్డం పడతావా? నీ పని అయినట్టే పో!”

ఆయన విసవిసా మెట్ల వైపు నడిచాడు. వచ్చిన పని చేతులారా చెడగొట్టుకున్నానని పిట్టకు తెలుసు. అయినా కదల్లేదు.

మెట్లు షాఫ్టు గోడ చుట్టూ దిగుతాయి. దిగుతున్న బూట్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది.

టక్, టక్. కాస్త ఆగి, టక్.

తర్వాత గోడ మీద ఉంగరం తగిలిన చప్పుడు, మూడుసార్లు.

“అమ్మాయ్!” కింద మలుపులోంచి ఆయన గొంతు. “ఉండబట్టలేక నేనూ తట్టేశాను.”

“అయితే కదలకండి సార్.”

సభ గంట మోగడం మొదలైంది.

“నేను పోవాలమ్మా.”

“మీరూ పోతే ఆయనకెవరున్నారు సార్?”

బూట్లు కదల్లేదు. గంట మోగి మోగి ఆగిపోయింది. ఆ మాట కొట్టేయమని అడగాల్సిన మనిషి మెట్ల మీదే ఉండిపోయాడు.

“అమ్మాయ్,” ఈసారి గొంతు బాగా తగ్గింది. “లోపలాయన పిట్ట వచ్చిందా అని అడుగుతున్నాడు. పిట్టెవరు?”

పిట్ట లిఫ్టు తలుపు అంచును గట్టిగా పట్టుకుంది.

“వచ్చిందని చెప్పండి సార్. ఎక్కడికీ పోదని కూడా చెప్పండి.”